మిద్దె మీద టేపులు: కావలి లోకల్ ఛానల్ ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 17, ఆదివారం

బాబాయి మిద్దె మీద గది ఖాళీ చేయాలట. సంక్రాంతి లోపల పైన అద్దెకు పోర్షన్ కట్టిస్తున్నాడు. "క్యాసెట్లన్నీ పాత సామాన్లోడికి ఏసేస్తా. నీకేమన్నా కావాలంటే వచ్చి చూసుకో అబ్బయా" అని రాత్రి ఫోన్ చేశాడు. ఆదివారం నా కంప్యూటర్ రిపేరు షాపుకు సెలవు. పొద్దున్నే పోయాను.

తలుపు తీయగానే దుమ్మూ బూజూ వేడెక్కిన ప్లాస్టిక్కూ కలిసిన వాసన ముఖానికి కొట్టింది. రేకుల బీరువా ఒకటి, చెక్క అరలు రెండు, చక్కెర బస్తాలో కుక్కినవి ఇంకొన్ని. సాయంత్రానికి క్యాసెట్ల రకాలవారీగా లెక్క తేలింది. వీహెచ్‌ఎస్ 131, వీడియో8, హై8 కలిపి 22, మినీడీవీ 58, యూమ్యాటిక్ 3. మొత్తం 214. యూమ్యాటిక్ టేపులు ఎక్కడివో బాబాయికే గుర్తు లేదు. వాటిని ఆడించే మిషన్ నా దగ్గర లేదు కాబట్టి అవి పక్కన.

ఇదంతా బాబాయి తన కేబుల్‌లో నడిపిన మా కావలి లోకల్ ఛానల్ మిగులు. 1996 నుంచి 2015 చివరిదాకా నడిచింది. సాయంత్రం ఏడింటికి పదిహేను నిమిషాలు ఊరి వార్తలు, రాత్రి తొమ్మిదిన్నరకు సినిమా, మధ్యమధ్యలో షాపుల యాడ్స్. 2004 నుంచి 2011 దాకా ఎడిటింగ్, ప్లేఅవుట్ (టైముకు బొమ్మను ప్రసారంలోకి వదలడం) నేనే చూశాను. ఊరికి సంబంధించింది ఏది ఉంటే అది కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, సినిమాలు వదిలేయాలి. ఈ రోజుకు అనుకున్నది ఇంతే.

ఆగస్టు 24

వీసీఆర్‌లు మూడు దొరికాయి. ఒకదానికి పవర్ రాదు. రెండోది క్యాసెట్ మింగి కక్కడం లేదు. మూడోది ఆడుతుంది కానీ బొమ్మంతా మంచు కురిసినట్టుంది. కొత్తది కొందామంటే ప్రపంచంలో ఎక్కడా తయారుకావడం లేదు. చివరిదాకా చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది. కాబట్టి మూడింటినీ విప్పి ఒకటి చేయడమే దారి.

పించ్ రోలర్ అంటే టేపును ఒత్తిపట్టి లాగే చిన్న రబ్బరు చక్రం. మూడో మిషన్‌లో అది గాజులా గట్టిపడి మెరుస్తోంది. రెండోదాని రోలర్ ఇంకా మెత్తగా ఉంది, అది తీసి ఇందులో వేశా. సాగిపోయిన బెల్టు బదులు పాత టేప్‌రికార్డర్ బెల్టుల కట్టలో ఒకటి సరిపోయింది.

ఇక హెడ్ డ్రమ్, అంటే టేపు మీది బొమ్మను చదివే తిరుగుడు డబ్బా. ఛానల్ రోజుల్లో బొమ్మ మసకబారితే పది రూపాయల నోటు మడిచి హెడ్ మీద రుద్దేవాళ్లం. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఇవాళ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన తెల్ల కాగితం ముక్కను డ్రమ్‌కు ఆనించి, కాగితం కదలకుండా పట్టుకుని, డ్రమ్‌ను మెల్లగా చేత్తో తిప్పాను. కాగితాన్ని పైకీ కిందికీ రుద్దితే వెంట్రుకవాసి హెడ్ విరిగిపోతుంది. దూదిపుల్ల పెడితే పోగు ఇరుక్కుంటుంది. నాలుగు కాగితాలు నల్లగా వచ్చాయి, అయిదోది తెల్లగా వచ్చింది. మంచు ఆగిపోయింది.

ఆగస్టు 31

ఈ ఆదివారం మొత్తం బూడిదలో పోసిన పన్నీరు. ఏడొందలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించిన క్యాప్చర్ స్టిక్‌తో (వీసీఆర్ బొమ్మను కంప్యూటర్‌లోకి పంపేది) మూడు గంటల టేపు ఎక్కించాను. మొదట్లో పెదాలకూ మాటకూ కుదిరింది. గంట దాటేసరికి నోరు ముందు కదులుతోంది, మాట తర్వాత వస్తోంది.

స్టిక్కు తప్పు ఒక్కటే కాదు. పాత టేపు సాగుతుంది, మోటారు వేగం మారుతుంది, దాంతో బొమ్మలోని ఒక్కో అడ్డగీత (లైను) ఒక్కో టైముకు వస్తుంది. పాత ట్యూబ్ టీవీ ఇలాంటివి సర్దుకుపోయేది. నిలువు గీత కాస్త వంకరగా కనబడేది, అంతే. కంప్యూటర్‌కు ఆ ఓపిక లేదు. లైను సమయానికి రాకపోతే ఫ్రేమునే వదిలేస్తుంది. అట్లా వదిలిన ఫ్రేములన్నీ కలిసి రెండు సెకన్ల తేడా తెచ్చాయి. దీనికి మందు లైన్లను మళ్లీ సమయానికి సర్దే టైమ్ బేస్ కరెక్టర్. అసలైనది కొనాలంటే నా షాపు నెల అద్దె చాలదు.

సెప్టెంబరు 3

మందు ఇంట్లోనే ఉంది. పాత డీవీడీ రికార్డర్లు కొన్నింటిలో లైన్లను సరిచేసే సర్క్యూట్ ఉంటుంది. దాంట్లో ఏమీ రికార్డు చేయనక్కర్లేదు. వీసీఆర్ నుంచి దానిలోకి, దానినుంచి కంప్యూటర్‌లోకి పంపితే చాలు. షాపులో రిపేరుకు ఇచ్చి ఎనిమిదేళ్లుగా ఎవరూ తీసుకుపోని రికార్డర్ ఒకటి ఉంది. దాన్ని మధ్యలో పెట్టగానే వంకర తిరిగిన కరెంటు స్తంభాలన్నీ నిటారుగా నిలబడ్డాయి.

సెట్టింగులు నాకోసం రాసుకుంటున్నా: 720×576, సెకనుకు 25 ఫ్రేములు అంటే 50 ఫీల్డులు (సగం ఫ్రేములు), లాస్‌లెస్, అంటే బొమ్మలో ఏదీ పోకుండా. గంటకు 30 జీబీ దాటుతోంది. 131 టేపులూ ఇట్లా ఎక్కిస్తే డిస్కులు కొనలేక నేను మునుగుతా. సినిమా టేపులు వదిలేయాలన్న మాట ఇంకా గట్టిపడింది.

సెప్టెంబరు 7

బాబాయి షాపుకొచ్చి కూర్చున్నాడు. టీ తాగుతూ మొదలుపెడితే మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. విన్నది విన్నట్టు రాస్తున్నా.

మద్రాసు దూరదర్శన్ 1975లో వచ్చింది, హైదరాబాద్ 1977లో. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న, దక్షిణాన తడ, సూళ్లూరుపేట వాళ్లకు మద్రాసే దగ్గర. ఇనప పైపులు ఒకదానిమీద ఒకటి వెల్డింగ్ చేసి, పైన యాంటెన్నా, దానికో బూస్టర్. కావలి అంత దూరానికి అది అందేది కాదు. ఎండాకాలం సాయంత్రాల్లో మాత్రం ఒక్కోసారి గాలిలో ఏదో కుదిరి, గుప్పెడు చుక్కల మధ్య మద్రాసు వార్తలు చదివే ఆవిడ కనబడేదట. "ముఖం తెలిసేది కాదురా. చీర అంచు మాత్రం తెలిసేది" అన్నాడు. సముద్రం పక్కన వేడిగాలి పొర కింద సిగ్నల్ ఇరుక్కుని దూరం పోవడం రేడియో పని తెలిసినవాళ్లకు కొత్తకాదు. బాబాయికి ఆ సంగతి అప్పుడు తెలియదు, యాంటెన్నా తిప్పడం మాత్రం తెలుసు.

1983లో ఇన్సాట్-1బీ పైకి పోయాక ఊళ్లల్లో రిలే కేంద్రాలు పెరిగాయి. అవి పైనుంచి వచ్చింది పట్టి తిరిగి వదలడమే, సొంతంగా ఒక్క ముక్క తీసేవి కావు. టీవీ ఉంది గానీ అందులో మనూరు లేదు. బాబాయి దీన్ని ఇంకోరకంగా చెప్పాడు: "ఢిల్లీలో వాన పడితే మాకు తెలిసేది, తుమ్మలపెంటలో వాన పడితే తెలిసేది కాదు." తుమ్మలపెంట అంటే కావలి పక్కనే ఉన్న సముద్రపు పల్లె.

1992లో కేబుల్ కనెక్షన్లు ఇవ్వడానికి మిద్దె మీద పన్నెండడుగుల జాలీ డిష్ పెట్టాడు. మొదట నలభై ఇళ్లు. 1995లో తెలుగు శాటిలైట్ ఛానళ్లు మొదలయ్యాయి, ఈటీవీ ఆగస్టు 27న వచ్చింది. అప్పుడు కనెక్షన్లు ఎగబడ్డాయి. అదే ఏడు కేబుల్ టీవీ చట్టం కూడా వచ్చింది. ఆపరేటర్లు హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేయించుకోవాలి. టీవీకి లైసెన్సు పోస్టాఫీసులో ఏంటని నవ్వితే, బాబాయి సీరియస్‌గా, "ఉత్తరాలు పంచేది వాళ్లేగా, ఇదీ పంచడమేగా" అన్నాడు.

లోకల్ ఛానల్ పెట్టడానికి అప్పుడు కావాల్సింది ఒక వీసీఆర్, ఒక మాడ్యులేటర్ (బొమ్మను కేబుల్‌లో ఒక ఛానల్‌గా ఎక్కించేది). కంట్రోల్ రూమ్‌లో ఒక్కో ఛానల్‌కు ఒక్కో మాడ్యులేటర్ డబ్బా ఉండేది. ఖాళీ ఫ్రీక్వెన్సీ చూసుకుని, ఇంకో డబ్బాకు వీసీఆర్ వైరు తగిలిస్తే ఊరికో ఛానల్ పుట్టినట్టే. ఎవర్నీ అడగక్కర్లేదు.

సెప్టెంబరు 14

"దూబగుంట" అని రాసున్న టేపు చేతికొచ్చింది. నా గుండె ఒక్కసారి లేచి కూర్చుంది. కలిగిరి మండలం దూబగుంట అంటే 1992లో సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన ఊరు. కావలికి దగ్గరే. అక్కడి ఆడవాళ్లు సారా అంగడి మూయించిన కథ ఊరూరా పాకి రాష్ట్రంలో మద్య నిషేధం దాకా పోయింది.

టేపు పెడితే క్రికెట్. 1998 ఏప్రిల్‌లో షార్జా మ్యాచ్, టెండూల్కర్ ఆడుతున్నాడు, ఇసుక తుపాను లేస్తోంది. ఎవరో దూబగుంట మీద దాన్ని రికార్డు చేశారు. ఆ రోజుల్లో టేపు ఖరీదు, అరలో ఏది కనబడితే అది పెట్టేవాళ్లం. ఎవర్నీ అనలేను. ఆ మ్యాచ్ నేనూ ఈ టేపులోనే రెండోసారి చూసి ఉంటాను.

కట్టేయబోతూ చివరిదాకా పోనిచ్చా. మ్యాచ్ అయిపోయాక నీలం తెర, తర్వాత గీతలు, ఆ తర్వాత నాలుగు నిమిషాల పది సెకన్లు పాతది మిగిలింది. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె మాట్లాడుతోంది, ఒకామె చాటలో బియ్యం ఏరుతోంది. అడిగిన ప్రశ్న తెగిపోయింది, జవాబు మాత్రం ఉంది: "రేత్రి అన్నం తినేటప్పుడు కంచం ఎగిరిపోకుండా ఉంటే చాలనుకున్నాం సామీ." చాటలోని బియ్యం చప్పుడు మాటకన్నా పైకి వినబడుతోంది.

సెప్టెంబరు 21

నేను పెట్టుకున్న రూలు నేనే తీసేశాను. సినిమా టేపులు కూడా చూడాలి.

పొద్దున ఓ సినిమా టేపు, మిషన్ ఆడుతుందో లేదో చూద్దామని పెట్టాను. సినిమా కింద పట్టీ పోతోంది! స్క్రోలింగ్ యాడ్స్. ఇది షాపులో కొన్న క్యాసెట్ కాదు, మా ఛానల్‌లో పోతున్నదాన్నే మళ్లీ రికార్డు చేసిన టేపు. బాబాయికి ఫోన్ చేస్తే గుర్తుకొచ్చింది. యాడ్ పడలేదని షాపులవాళ్లు డబ్బులు ఎగ్గొట్టేవాళ్లట. రుజువు చూపించడానికి వారానికో రాత్రి రికార్డు పెట్టేవాడు. అంటే సినిమా టేపులని నేను పక్కన పెట్టిన అరలోనే ఊరు మొత్తం ఉంది, బొమ్మకింద రెండు వేళ్ల వెడల్పు పట్టీలో.

తెర మీద అక్షరాలు వేసే అప్పటి టైట్లర్‌లో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. చదవడానికి కళ్లు అలవాటు పడాలి. రొయ్య పిల్లల హ్యాచరీలు, మేత డీలర్లు, ఏరేటర్ల రిపేరు. 1996 టేపుల్లో సగం పట్టీ రొయ్యలే. కాలేజీ అడ్మిషన్లు, పెళ్లి సంబంధం ఒకటి, రేషన్ కార్డు పోయిందని ఒకటి.

సెప్టెంబరు 28

సినిమా నాది కాదు, దాచుకునే హక్కూ లేదు, దాచేంత డిస్కూ లేదు. నాకు కావాల్సింది పట్టీ. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్‌లో ముందు ఇంటర్‌లేసింగ్ తీసేసి (అంటే ఆ సగం ఫ్రేములను నిండు ఫ్రేములు చేసి), తర్వాత క్రాప్ ఫిల్టర్‌తో కింది 72 లైన్లు మాత్రం ఉంచి మిగతాది కోసేశాను. మూడు గంటల సినిమా పోయి, సన్నటి రిబ్బను ఒకటి మిగిలింది. హీరో చెప్పులు అప్పుడప్పుడు కనబడతాయి, అంతే.

రిబ్బన్లు చూస్తూ ఎక్సెల్ షీట్‌లో ఎక్కిస్తున్నా. ఈ రోజు రాత్రి 1996 టేపులో ఒక పట్టీ దగ్గర ఆగిపోయా: బర్రె తప్పిపోయినది, కుడి కొమ్ము విరిగినది, ఆచూకీ తెలిపిన వారికి 200 రూపాయలు. తర్వాతి వారం టేపులో అదే బర్రె, అదే కొమ్ము, 300 రూపాయలు. ఆ పై వారం 500. నాలుగో టేపులో పట్టీ లేదు.

బాబాయిని అడిగా, దొరికిందా అని. "ఎవురికి తెలుసురా? రోజుకు ఇరవై రూపాయలు పట్టీకి. ఆయప్ప దగ్గర మొదటి వారమే తీసుకున్నా, తర్వాత అడగబుద్ధి కాలా" అన్నాడు.

అక్టోబరు 12

బీరువా అడుగున ఛానల్ కన్నా పాతది ఒకటి ఉంది. ఫోటో స్టూడియో స్టిక్కరు, దానిమీద పెన్నుతో "గాలివాన 89". ఫోటో స్టూడియో మూసేసినప్పుడు పెళ్లి క్యాసెట్లతో పాటు బాబాయి కొన్నాడట.

కావలిలో పెద్దవాళ్లకు ఆ అంకె చెబితే చాలు. 1989 నవంబరు 8 రాత్రి. థాయ్‌లాండ్ గల్ఫ్‌లో పుట్టిన గే అనే టైఫూన్ అక్కడ వందలమందిని పొట్టనపెట్టుకుని, భూమి దాటి బంగాళాఖాతంలోకి వచ్చి, మళ్లీ బలపడి మన కావలి దగ్గరే తీరం దాటింది. వాతావరణం వాళ్ల పుస్తకాల్లో కూడా దాని పేరు కావలి తుపానే. నాకప్పుడు ఆరేళ్లు. మంచం కింద పడుకోబెట్టారు, అదొక్కటే గుర్తు.

టేపు పరిస్థితి బాగాలేదు. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి చుక్కలు. బూజు. ఇట్లాంటిది మిషన్‌లో పెడితే ఆ బూజు హెడ్‌కు అంటి, తర్వాత పెట్టే ప్రతి టేపుకూ అంటుకుంటుంది. ముందు వారం రోజులు సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టి ఆరబెట్టాలి. పక్క షాపాయన బియ్యంలో పెట్టమన్నాడు. నెల్లూరు జిల్లాలో ఏ జబ్బుకైనా మందు బియ్యంతోనే మొదలవుతుంది. కానీ తవుడు దుమ్ము టేపుకు బూజుకన్నా చెడ్డది.

అక్టోబరు 19

మాస్కు కట్టుకుని ఆరుబయట కూర్చున్నా. క్యాసెట్‌కు అయిదు స్క్రూలు. విప్పి, చుట్టలు రెండూ బయటికి తీసి, మెత్తటి పొడిగుడ్డ రెండు వేళ్ల మధ్య పట్టుకుని దాంట్లోంచి టేపు పోయేలా చేత్తో తిప్పుతూ తుడిచా. మూడు గంటల టేపు అంటే పావు కిలోమీటరు పైనే. గుడ్డ మీద తెల్లపొడి చారలు. మధ్యలో ఒకచోట పొర పొరకు అంటుకుని ఉంది. ఎంత నెమ్మదిగా లాగినా తెగింది. స్ప్లైసింగ్ టేపుతో అతికించి, ఖాళీ చేసిన వేరే క్యాసెట్ డొక్కులో బిగించా. ఈ ఒక్క టేపు కోసం పనికిరాని వీసీఆర్ ఒకటి వేరుగా బాగు చేసి ఉంచా. పాడైతే అదే పాడవుతుంది.

రాత్రి పదకొండున్నరకు బొమ్మ వచ్చింది.

కింద కుడివైపు కెమెరా వేసిన తేదీ: 9.11.1989. మాట లేదు, వ్యాఖ్యానం లేదు. భుజం మీది కెమెరా కాబట్టి నడిచేవాడి ఊపు తెలుస్తోంది. తాటిచెట్లు మొదలంటా కాకుండా నడుముకు విరిగి ఉన్నాయి. రోడ్డుకు అడ్డంగా కరెంటు స్తంభం, దాని వైర్ల మీద ఎవరో అప్పుడే తడిబట్టలు ఆరేసుకున్నారు. ఆ ఒక్క బొమ్మను చాలాసేపు ఆపి చూశాను. స్తంభం పడి కొన్ని గంటలే అయి ఉంటుంది. లంగాలు, ఒక తువ్వాలు, పిల్లాడి నిక్కరు. కరెంటు లేదని అంత ధైర్యం.

మొత్తం ముప్ఫై ఎనిమిది నిమిషాలు. అతుకు దగ్గర పదకొండు సెకన్లు పోయాయి.

నవంబరు 2

వాన. మిషన్ ఆన్ చేస్తే "డ్యూ" అని చూపించి ఆగిపోతోంది. గాలిలో తేమ డ్రమ్ మీద చేరితే టేపు అతుక్కుంటుందని సెన్సర్ ఆపేస్తుంది. మంచిదే. పైమూత తీసి, వంద వాట్ల బల్బు వెలిగించి పక్కన పెట్టి పడుకున్నా.

నవంబరు 16

మినీడీవీ మొదలుపెట్టా. ఇందులో బొమ్మ అప్పటికే అంకెల్లో ఉంటుంది కాబట్టి కొత్తగా మార్చేది ఏమీ లేదు, ఫైర్‌వైర్ తీగతో దించుకోవడమే. గంటకు 13 జీబీ. విండోస్‌లో డ్రైవర్‌తో తన్నుకుని విసిగి, లైనక్స్‌లో డీవీగ్రాబ్ అనే ప్రోగ్రామ్ పెడితే మాట్లాడకుండా పని చేసింది.

ఇవన్నీ మా కెమెరా భాయ్ తీసినవి. ఆయన ప్రతి డబ్బాలో చీటీ పెట్టేవాడు: తేదీ, ఊరు, ఎవరెవరు. 2004 డిసెంబరు 26 టేపు ఉంది. సునామీ రోజు. తుమ్మలపెంటలో పడవలు రోడ్డుకెక్కి కూర్చున్నాయి, వలలు ముళ్లకంపకు చుట్టుకున్నాయి. భాయ్ మాట ఒక్కటి వినబడుతుంది: "అమ్మా, పక్కకు రా, మళ్లీ వస్తాదంట." తర్వాత కెమెరా నేలవైపు తిరిగి ఆయన చెప్పులు పరుగెత్తుతున్నాయి. ఏడింటి వార్తల్లో ఈ ముక్క కత్తిరించింది నేను. చెప్పులు కనబడితే బాగుండదని. ఇప్పుడు అదే ముందు దాచాను.

58 టేపుల్లో 55 పూర్తిగా వచ్చాయి. రెండింట్లో గళ్లు గళ్లుగా పగిలాయి, ఒకటి ఖాళీ.

నవంబరు 30

గోడ మీద చార్టు వేశా. ఏ ఏడాది ఎన్ని గంటలు దొరికిందో పెన్సిల్ గీతలు. 1996 నుంచి 2006 దాకా ప్రతి ఏడూ ఎంతోకొంత ఉంది. 2007 నుంచి 2015 దాకా ఒక్క గీత లేదు.

ఎందుకో నాకు తెలుసు. ఎవరినీ అడగక్కర్లేదు.

2007 మొదట్లో ప్లేఅవుట్‌ను కంప్యూటర్‌లోకి మార్చింది నేనే. వీసీఆర్‌లు తీసేయించి, ఒక పెంటియం మిషన్, టీవీ అవుట్ కార్డు, 80 జీబీ డిస్కు. భాయ్ టేపు ఇస్తే కంప్యూటర్‌లోకి లాగి, అదే టేపు మళ్లీ ఆయనకే ఇచ్చేవాడిని, మర్నాడు దానిమీదే తీసుకొమ్మని. టేపు ఖర్చు మిగులుతుందని బాబాయి మెచ్చుకున్నాడు. డిస్కు నిండేది. ప్రతి సోమవారం పొద్దున న్యూస్ ఫోల్డర్ సెలెక్ట్ ఆల్, షిఫ్ట్ డిలీట్. సినిమాలు ఉంచేవాడిని, మళ్లీ వేయాలి కదా. నాలుగేళ్లు, ప్రతి సోమవారం. నేను మానేశాక వచ్చినవాడికి కూడా అదే నేర్పించిపోయాను.

టేపు పనికిరాకపోయినా అరలో ఉంటుంది. తీసి పారేయాలంటే మిద్దె దిగాలి. ఫైలుకు ఆ శ్రమ లేదు.

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. మున్సిపాలిటీలన్నింటికీ 2015 డిసెంబరు 31 గడువు పెట్టి సెట్‌టాప్ బాక్సులు తెచ్చారు. పల్లెలకు ఇంకో ఏడాది, తర్వాత 2017 మార్చి దాకా పొడిగింపు. బొమ్మ బాగుపడింది, అది నిజం. పాతపద్ధతిలో ఒక ఛానల్ పట్టే జాగాలో పదికి పైగా ఛానళ్లు పట్టాయి. కానీ సిగ్నల్ మొత్తం పెద్ద కంట్రోల్ రూమ్ నుంచి తాళం పడి వస్తుంది, మధ్యలో బాబాయి మాడ్యులేటర్ తగిలించే వీలు లేదు. మన ఛానల్ కూడా రావాలంటే బొమ్మను ఫైబర్‌లో పైకి పంపాలి, అక్కడ ఎన్‌కోడర్, అక్కడ నంబరు, నెలనెలా డబ్బు. పైవాళ్లు చెప్పిన రేటు విని బాబాయి టీ తాగేసి వచ్చేశాడు. దూరదర్శన్ కూడా 2021-22లో పాత గాలి ట్రాన్స్‌మిటర్లు దేశమంతా చాలావరకు ఆపేసింది. అయితే వాళ్లకు శాటిలైట్ ఉంది, వాళ్ల తెలుగు ఛానల్ సప్తగిరి ఇప్పుడు విజయవాడ నుంచి వస్తోంది.

డిసెంబరు 7

ప్లేఅవుట్ మిషన్ డబ్బా బాబాయి గొడౌన్‌లో కోళ్ల గంప కింద దొరికింది. లోపల 80 జీబీ డిస్కులు రెండు. ఒకటి టక్ టక్ మంటోంది, దాని జోలికి పోలేదు. రెండోదాన్ని కన్వర్టర్‌కు తగిలించి ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో బిట్టుకు బిట్టు కాపీ తీశా. పందొమ్మిది గంటలు పట్టింది. చదవలేని చోట్లు కొన్ని కిలోబైట్లే.

కాపీలో చూస్తే సినిమాలు అట్లాగే ఉన్నాయి. న్యూస్ ఫోల్డర్ ఖాళీ. చెరిపిన ఫైళ్లు వెతికే ప్రోగ్రామ్ వేశా. వచ్చినవన్నీ సినిమా ముక్కలే. వార్తల మీద సినిమా, సినిమా మీద సినిమా. షార్జా మ్యాచే నయం, చివర నాలుగు నిమిషాలన్నా మిగిల్చింది.

డిసెంబరు 14

న్యూస్ ఫోల్డర్ ఖాళీ కాదు!

దాగున్న ఫైళ్లు చూపించమని పెట్టాక ఒకటి కనబడింది: థంబ్స్ డాట్ డీబీ. విండోస్ ఎక్స్‌పీలో ఫోల్డర్‌ను బొమ్మల రూపంలో చూస్తే, ప్రతి వీడియోకు ఒక చిన్న బొమ్మ తీసి ఈ ఫైల్‌లో దాచుకునేది, మళ్లీ త్వరగా చూపించడానికి. అసలు వీడియో చెరిపేసినా ఇందులోని బొమ్మ చాలాసార్లు అట్లాగే ఉండిపోతుంది. ఫైల్ పేరుతో సహా. నేను సోమవారం సోమవారం సెలెక్ట్ ఆల్ కొట్టినప్పుడు ఇది దాగి ఉంది కాబట్టి సెలెక్ట్ కాలేదు.

విప్పితే 412 బొమ్మలు. పెద్దవైపు 96 చుక్కలు, అంటే తపాలా బిళ్లంత. పేర్లు నేను పెట్టినవే, ఆ రోజుల్లో నా తొందర అంతా వాటిలో ఉంది: తేదీ, ఊరు, "ఫైనల్", "ఫైనల్2", "ఇదే ఫైనల్".

వార్తల గొంతు లేదు, కదలిక లేదు. పొగాకు వేలం దగ్గర నిలబడ్డ రైతులు ఒక బిళ్ల. బిట్రగుంట రైల్వే క్వార్టర్లు ఒకటి. స్కూలు పిల్లల ప్రభాతభేరి. గంగమ్మ జాతర పసుపు రంగు తప్ప ఏమీ తెలియడం లేదు.

డిసెంబరు 21

412నూ ఏ3 కాగితాలమీద ప్రింటు తీసి బాబాయి ఇంటికి తీసుకుపోయా. భాయ్‌నీ రమ్మన్నాం. ఆయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు. పంచాంగం చూసే భూతద్దం పట్టుకుని ఒక్కో బిళ్లమీద వంగి చూస్తున్నాడు. నేను పక్కన కూర్చుని ఆయన చెప్పింది షీట్‌లో ఎక్కించాను. ఎర్రచుక్క చూసి "అది అగ్నిమాపకం బండి, ఆ రోజు గడ్డివాము తగలబడింది" అంటాడు. నాకు ఎర్రచుక్కే.

సాయంత్రానికి 137 అయ్యాయి. మధ్యలో ఒకదాని దగ్గర భాయ్ ఆగాడు. నల్లగా ఏదో, పక్కన గళ్లలుంగీ.

"ఇది బర్రె" అన్నాడు.

బాబాయి, నేను ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. "కొమ్ము ఎట్టుండాది చూడు" అన్నాడు బాబాయి.

భాయ్ భూతద్దం పైకెత్తి, దించి, కిటికీ దగ్గరికి పోయి చూశాడు. తొంభై ఆరు చుక్కల్లో కొమ్ము రెండు చుక్కలు. ఫైల్ పేరు 2008 ఫిబ్రవరి. 1996లో తప్పిపోయింది ఇన్నాళ్లు బతికి ఉండదని నేనన్నాను. ఎవరూ వినలేదు. ఎడమ కొమ్మా కుడి కొమ్మా అని వాళ్లిద్దరూ ఇంకా తేల్చుకోలేదు. మిగతా 275 వచ్చే ఆదివారం.